పరిహారం తేల్చే కుర్చీ

1923లో వచ్చిన కార్మిక నష్టపరిహార చట్టం మరుసటి ఏడాది జులై 1 నుంచి అమలైంది. అంతకుముందు మిల్లులోనో గనిలోనో చెయ్యో కాలో పోగొట్టుకున్న కూలివాడు కోర్టుకెక్కి, తప్పు యజమానిదేనని రుజువు చేస్తే తప్ప పైసా వచ్చేది కాదు. ఆ రుజువు బాధను చాలావరకు తప్పించడం కొత్త చట్టం చేసిన పెద్ద మేలు. తగవును సివిల్ కోర్టు పరిధి నుంచి తప్పించి కమిషనర్‌కు అప్పగించడం రెండో మేలు. అయితే ఆ కమిషనర్ ఎవరై ఉండాలన్న చోట మాత్రం 20వ సెక్షన్ ఒక్క మాటతో సరిపెట్టింది: గెజిట్‌లో ప్రకటించి ప్రభుత్వం ‘ఎవరినైనా’ నియమించవచ్చు. ఏం చదివారు, ఏ పనిలో ఎన్నేళ్లున్నారు అని అడగలేదు. 2010 జనవరి 18న సవరణ అమల్లోకి వచ్చేదాకా, 85 ఏళ్లకు పైగా ఆ మాట అలాగే ఉండిపోయింది. ఖర్చు లేకుండా, త్వరగా పరిహారం అందాలన్న ఆశ దాని వెనుక ఉందని ఒప్పుకోవాలి. కార్మికుడి తరఫున వకీలే రావాలని కూడా చట్టం పట్టుబట్టలేదు, యూనియన్ ప్రతినిధి వచ్చినా సరిపోయేది. ఆ ఉదారత వాదించేవాళ్ల విషయంలో మంచిదే. తీర్పు చెప్పేవాళ్లకూ దాన్నే వర్తింపజేయడం దగ్గరే పొరపాటు జరిగింది.

ఎందుకంటే ఈ చట్టం కింద, 2025 నవంబరులో అది రద్దయ్యేదాకా, కమిషనర్ మాటకు మామూలు కింది కోర్టు మాట కన్నా ఎక్కువ బరువుండేది. 30వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లాలంటే ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉండి తీరాల్సి వచ్చేది. ప్రమాదం పనిలో జరిగిందా, జీతమెంత, సంపాదించే శక్తి ఎంత పోయింది అన్న వాస్తవాల మీద కమిషనర్‌దే చివరి మాటని 2016లో కర్ణాటక నుంచి వచ్చిన ఓ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. తప్పు దిద్దే చోటు పైన అంత ఇరుకుగా ఉన్నప్పుడు కింద కూర్చునే మనిషిని ఎంచడంలో జాగ్రత్త రెట్టింపు కావాలి. చట్టం అక్కడే చేతులెత్తేసింది.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల చూపు ఎంత పని చేస్తుందో ఒడిశాలోని జయపురం కేసు చెబుతుంది. 1936 దాకా మన విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఊరది. 1968 జులైలో అక్కడ ఒక సినిమా హాలులో అలంకరణ పని చేస్తున్న వడ్రంగి కింద పడి, ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. చట్టం షెడ్యూలులో అలాంటి గాయానికి రాసి ఉన్న నష్టం 70 శాతం, కాబట్టి అంతకే కట్టాలని యజమాని వాదన. కమిషనర్ షెడ్యూలు దగ్గర ఆగకుండా పని ఎలా చేస్తారో చూశారు. ఒక చేత ఉలి పడితే సుత్తి రెండో చేతిలో ఉండాలి. చిత్రిక పట్టాలంటే రెండు చేతులూ దాని మీదే ఉండాలి. ఒంటి చేత్తో వడ్రంగం సాగదు కనుక నష్టం నూటికి నూరని తేల్చి 9,800 రూపాయలు లెక్కగట్టారు. 1975 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ తీర్పును నేటికీ న్యాయవాదులు ఉదహరిస్తూనే ఉన్నారు. ఈ 30 శాతం తేడాను ఇప్పటి లెక్కలో చూద్దాం: 40 ఏళ్ల మనిషికి, 15,000 జీతం మీద పూర్తి వైకల్యానికి వచ్చేది 16,57,530 రూపాయలు. 70 శాతానికి 11,60,271. మధ్యలో పోయేది దాదాపు 5 లక్షలు. ఓ కుటుంబానికి అది ఇల్లో, పిల్లల చదువో.

అర్హత అడగని చట్టం కిందే అంత మంచి నిర్ణయం వచ్చింది కదా, ఇక అర్హతలెందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఆ వడ్రంగికి దొరికిన చూపు పక్క జిల్లా కూలీకీ దొరుకుతుందని ఆ చట్టంలో ఏ భరోసా ఉంది? మంచి అధికారి దొరకడాన్ని అదృష్టానికి వదిలేసిన ఏర్పాటును ఒక మంచి అధికారిని చూపి సమర్థించలేం. ప్రభుత్వమే నియమిస్తే ఇంతే అనడమూ నాకు సబబుగా తోచదు. కాలిఫోర్నియాలో ఇలాంటి అప్పీళ్లు వినే బోర్డులోని ఏడుగురినీ గవర్నరే నియమిస్తారు, సెనేట్ ఆమోదించాలి. కానీ ఐదుగురు అనుభవమున్న న్యాయవాదులై ఉండాలనీ, అందరి విషయంలోనూ తీర్పరికి తగిన స్వభావం చూడాలనీ అక్కడి చట్టమే అంటుంది. నియమించే చేయి రాజకీయానిదే అయినా ఎవరిని ఎంచాలో చట్టం గీత గీసింది.

మన దగ్గర 2009 సవరణ మూడు దారులు పెట్టింది: ఐదేళ్లు రాష్ట్ర జ్యుడీషియల్ సర్వీసు, లేదా ఐదేళ్లు వకీలు వృత్తి, లేదా ఐదేళ్లు గెజిటెడ్ ఉద్యోగం. మూడో దారిలో వచ్చేవారికి సిబ్బంది నిర్వహణ, మానవ వనరుల అభివృద్ధి, పారిశ్రామిక సంబంధాల్లో చదువూ అనుభవమూ ఉండాలంది. మొదటి రెండు దారులూ సాక్ష్యం తూచడం తెలిసినవాళ్లను తెస్తాయి. మూడోదే నన్ను ఇబ్బంది పెడుతుంది. పారిశ్రామిక సంబంధాల మాట పక్కన పెడితే, సిబ్బంది నిర్వహణంటే యాజమాన్యం వైపు నుంచి మనుషుల్ని చూసే చదువు. విరిగిన వెన్నెముకతో బస్తా మోయగలడా అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. లేబర్ ఆఫీసులో ఏళ్ల తరబడి కూలీల గోడు విన్న అధికారికి ఆ అనుభవం తప్పకుండా ఉంటుంది, తెలుగు రాష్ట్రాల్లో సహాయ, డిప్యూటీ కార్మిక కమిషనర్లే ఈ బాధ్యత మోసింది అందుకే. కానీ చట్టం ఆ అనుభవం పేరెత్తలేదు.

న్యాయం చదివినవాళ్లను పెడితే వాయిదాలు పెరుగుతాయన్నది కొట్టిపారేయలేని భయం. అయితే ఆలస్యానికి అసలు కారణం చదువులో కన్నా పని భారంలో ఎక్కువుంది. కనీస వేతనాల నుంచి గ్రాట్యుటీ దాకా అన్ని దస్త్రాలూ మోసే అధికారి బల్ల మీద ఈ కేసూ ఒకటైతే, 2009 సవరణ పెట్టిన మూడు నెలల గడువు కాగితం మీదే ఆగిపోయేది. ఇక వైద్యం, యంత్రాల సంగతులు తెలిసినవాళ్లను విచారణలో సాయానికి పిలుచుకోమని 20వ సెక్షన్ మూడో ఉపవిభాగం 1923 నుంచీ చెబుతూ వచ్చింది. పిలవవచ్చు అంది గానీ పిలవాలి అనలేదు.