ఏటేట వేయించుకొను టీకా



మా తాతగారు జీవించియున్నంత కాలము మా యింట ఆశ్వయుజ బహుళమున మూడు దినముల యెడముతో రెండు తద్దినములు జరిగెడివి. ఒకటి ఆయన తల్లిది, రెండవది ఆయన అన్నగారిది. కాళయుక్తి నామ సంవత్సరమున, అనగా 1918లో, ఇరువురును ఒకే జ్వరమున పోయిరి. తల్లికి ముప్పదియారేండ్లు, అన్నకు పందొమ్మిది. ఇంట నున్న డెబ్బదియేండ్ల అవ్వ మాత్రము బ్రతికి వారికొరకు ఏడ్చెనట. మా తాతగారు ఆ జ్వరము పేరెరుగరు. "ఆ జ్వరము" అనియే యనెడివారు.

దాని పేరు ఇన్‌ఫ్లుయెంజా. నేటివారు ఫ్లూ అందురు. 1918 జూను నెలలో అది బొంబాయి రేవున కనబడి, రైళ్ళ వెంట దేశమంతటను ప్రాకెను. మొదటి విడత తేలికగా పోయెను. సెప్టెంబరున తిరిగివచ్చినది ప్రాణములు తీసెను. నడివయసువారినే యెక్కువగా కొనిపోవుట దాని వింత. మన దేశమున కోటికి పైబడి మరణించిరి. 1911 నాటి జనసంఖ్యకంటె 1921 నాటిది తక్కువ. ఇరువదవ శతాబ్దమున మరి యే పదేండ్లలోను మన దేశమున అట్లు జరుగలేదు.

ఆనాడు టీకాలు లేకపోలేదు. కొన్ని దేశములలో వేసిరి కూడ. కాని అవి గురితప్పిన బాణములు. జర్మనీ దేశపు ఫైఫర్ అను పండితుడు 1892లో రోగుల కఫమున ఒక బాక్టీరియమును చూచి, ఇదియే కారణమని చెప్పియుండెను. గొప్పవాడు చెప్పినది గనుక పెక్కుమంది నమ్మిరి. ఈ జాడ్యము మా పండితులలోను కలదు.

1933లో లండనున స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు, రోగుల గొంతు పుక్కిలించిన నీటిని బాక్టీరియములు దాటలేని వడపోతల గుండ వడగట్టి, ఫెర్రెట్ అను ముంగిసవంటి జంతువుల ముక్కులో వేసిరి. అవియు జ్వరపడి తుమ్మసాగెను. దోషి వైరసని తేలెను. మరి కొన్నాళ్ళకు అట్టి జంతువొకటి ఒక పరిశోధకుని మొగమున తుమ్మగా, ఆయనయు మంచమెక్కెను. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

తరువాత ఆ వైరసును కోడిగ్రుడ్లలో పెంచుట నేర్చిరి. అమెరికాలో ఫ్రాన్సిస్, సాల్క్ అనువారు దానిని చంపి టీకా సిద్ధపరచిరి. అది రెండవ ప్రపంచయుద్ధ కాలము. 1918 నాటి దండుల దుర్గతి మరువని ప్రభుత్వము మొదట సిపాయిలకే వేయించెను. 1945లో సైన్యమునకు, మరుసటి యేడు ప్రజలకు అనుమతి లభించెను.

అంతలో 1947లో ఆ టీకా విఫలమయ్యెను. వేయించుకొన్నవారికిని జ్వరము వచ్చెను. టీకా చెడలేదు, వైరసు రూపు మార్చినది. పగటివేషగాడు నిన్న వచ్చిన వేషమున నేడు రాడు గదా!

మన యూళ్ళలో పెద్దలడుగు ప్రశ్నకు సమాధానమిచ్చటనే కలదు. "మశూచికి చిన్ననాడు టీకా పొడిపించుకొంటిమి, భుజమున మచ్చ యున్నది, దీనికేల ఏటేట సూది?" అని నేనును పెక్కేండ్లు వాదించితిని. మశూచి రూపు మార్చలేదు గనుకనే దానిని లోకమునుండి వెడలగొట్టగలిగిరి. ఇది మార్చుచునే యుండును. 1952లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పలుదేశముల పరిశోధనశాలలను ఒకటిగ కూర్చెను. ఆ కూటమివారు వైరసు వేషములను కనిపెట్టుచు, ఏటికి రెండుమారులు సమావేశమై, రాబోవు టీకాలో నేవి చేర్చవలెనో నిర్ణయింతురు.

1957లో క్రొత్త వేషమొకటి తూర్పున బయలుదేరి, సింగపూరు ఓడ వెంట మే నెలలో మదరాసున దిగెను. ఆ యుపద్రవము పిమ్మట, 1960లో అమెరికా ఆరోగ్యాధికారులు అరువదియైదేండ్లు దాటినవారికి, దీర్ఘరోగులకు, గర్భిణులకు ఏటేట టీకా వేయవలెనని చెప్పిరి. సిపాయిల సూది ముసలివారికి వచ్చిన విధమిది. 1918 నాటి జ్వరము మా అవ్వను విడిచినది గాని, సాధారణపు ఫ్లూ మనవంటివారినే యెక్కువగ కబళించును. 2009లో వచ్చిన వేషము మన దేశమున మొదట నిర్ధారణ యైనది హైదరాబాదుననే.

నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగ వేయవలెనని చెప్పునది గర్భిణులకు, ఆరు నెలలు మొదలు ఐదేండ్లలోపు పిల్లలకు, వృద్ధులకు, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు వంటివి గలవారికి, వైద్యసేవకులకు. ఆరు నెలలు నిండని శిశువునకు వేయరాదు. తల్లి గర్భిణిగ నున్నపుడు వేయించుకొన్న టీకాయే బిడ్డకును కొంత రక్షణ. పూర్వము ఈ టీకా తీవ్రముగ వికటించినవారు వైద్యునికి ముందే చెప్పవలెను. రక్షణ కుదురుటకు రెండు వారములు పట్టును గనుక వానకాలమునకు ముందే వేయించుకొనుట మేలు. సూదిమందులో నున్నది చచ్చిన వైరసు. దానివలన ఫ్లూ రాదు. చేయి నొప్పి, ఒకటి రెండు దినములు ఒళ్ళు వెచ్చబడుట కలదు. వేయించుకొన్నను జ్వరము రావచ్చును. ప్రాణము మీదికి వచ్చుట తగ్గును. చిన్నపిల్లలకు ఉచితముగ వేయు జాతీయ టీకాల పట్టికలో ఇది చేరలేదు. సాధారణముగ డబ్బిచ్చి వేయించుకొనవలెను. ఇది నాకు నచ్చదు.

పోయిన జ్యేష్ఠమున నేనును మా యింటి యామెయు వేయించుకొంటిమి. వైద్యుడు, మా బడిలో చదివిన కుర్రవాడే, "మాస్టరుగారూ, మరల వచ్చే యేడు" అనెను. ఉగాదికి క్రొత్త పంచాంగము కొన్నపుడు తద్దినపు తిథులకు గుర్తు పెట్టుట మా తాతగారి యలవాటు. అది నాకును వచ్చినది. ఈ యేడు జ్యేష్ఠ మాసపు పుటలోను ఒక గుర్తు పెట్టితిని.