బస్తరు అడవిలో మందుసంచి

తుపాకి చరిత్రను వ్రాసినవారు గొట్టాన్ని గురించి, గుర్రాన్ని గురించి పుటలకొలది వ్రాసినారు. ఆ తుపాకిని మోసిన మనిషి భుజాన వ్రేలాడిన తోలుసంచికి మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టినారు. బస్తరు వంటి అరణ్యప్రాంతం విషయంలో ఇది చిన్న లోపం కాదు. తుపాకి చేతికి వచ్చినవాడు దానిని ఎన్నాళ్లు పేల్చగలడో నిర్ణయించేది ఆ సంచియే.

మూతినుండి మందు కూరే తుపాకిని ఉత్తరాదివారు భర్మార్ అంటారు. తెలుగువారు దానిని నాటుతుపాకి అనడం కద్దు. అందులో వాడే మందు పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిపి నూరిన నల్లని పొడి. నూటికి 75 పాళ్లు పెట్లుప్పు, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం అన్నది చిరకాలంగా స్థిరపడిన కొలత. నల్లమందు అంటే మనకు అభిని కాబట్టి దీనిని తుపాకిమందు అని పిలవడమే మేలు. ప్రాణం నిలిపేదానికీ ప్రాణం తీసేదానికీ మన భాషలో ఒకే మాట చెల్లడం వింతయే!

ఈ తుపాకిని ఒక్కసారి పేల్చడానికి ఎన్ని పనులు! మొదట మందును కొలిచి గొట్టంలో పోయవలెను. తరువాత సీసపు గుండును గుడ్డపేలికతో సహా కడ్డీతో అడుగంటా దిమ్మించవలెను. చెవిరంధ్రం మూసుకుపోతే సన్నని సూదితో పొడిచి, అక్కడ మెత్తని మందు చిలకరించవలెను. అటుపిమ్మటనే జామగి అంటించడమో, చెకుముకిరాయి దెబ్బో. చేయి తిరిగిన వేటగాడికైనను ఒక గుండుకూ మరొక గుండుకూ నడుమ అరనిమిషం తప్పదు. ఆ వ్యవధిలో విలుకాడు ఎన్నో బాణాలు వదలగలడు. కొలతగొట్టం, గుండ్లు, పేలికలు, సూది, చెకుముకి, మందు ఉంచిన కొమ్ము — ఇన్నింటినీ చీకటిలో సయితం తడుముకొని తీయగలిగేటట్లు అమర్చి పెట్టేది సంచి. ఒక్క వస్తువు జారిపోయినా తుపాకి వట్టి ఇనుపకర్ర.

అన్నిటికన్న మించిన శత్రువు తడి. బస్తరులో నాలుగు నెలలు వాన. బొగ్గు చెమ్మను పీల్చుకొంటుంది. చెమ్మగిల్లిన మందు బుస్సుమంటుందేగాని పేలదు. అందువల్లనే గుడ్డసంచి పనికిరాక తోలు అవసరమైనది. తోలు సిద్ధం కావడం ఒక్కనాటి పని కాదు. పచ్చితోలును సున్నపునీటిలో నానవేసి, రోమం గీకి, తంగేడు పట్టతోనో కరక్కాయతోనో నింపిన లందలో వారాల తరబడి ఊరబెట్టవలెను. కరక్కాయ బస్తరు అడవులలో దండిగా దొరికే సరకే. ఊరిన తోలును రంపెతో కోసి, ఆరెతో రంధ్రాలు పొడిచి, మైనం రుద్దిన దారంతో కుట్టేవారు. కుట్టును లోపలి వైపు వేసి సంచిని తిరగవేస్తే కుట్టుసందుల గుండా నీరు ఎక్కదు. నోటిమీద వెడల్పయిన మూత చాలా క్రిందికి దిగవలెను. వాననీరు దానిమీదనుండి జారిపోవలెను. మందు దగ్గర ఇనుము ఉంచరు. రాతికి తగిలి నిప్పురవ్వ రాలుతుందని భయం. అందుచేత మూతకు తోలుత్రాడు, కొమ్ముతోనో కర్రతోనో చెక్కిన బిళ్ల. చమురు పట్టించిన తోలు ఏళ్లకొలది మెత్తగా ఉంటుంది. ఇంత నేర్పు చూపినవారిని ఊరు ఊరవతల ఉంచినది. తుపాకిమీద యజమాని పేరు చెక్కినవారున్నారుగాని సంచిమీద కుట్టినవాని పేరు కనబడదు.

ఇక సంచిలోని సరకుల పుట్టుక చూడవలెను. బొగ్గు అడవిది. పెట్లుప్పు ముఖ్యంగా బీహారు నేలనుండి వచ్చేది. గంధకంలో ఎక్కువభాగం సముద్రం దాటి రావలసినదే. సీసమూ బజారు వస్తువే. తోలును అడవి కరక్కాయతో ఊరబెట్టినా, దానిలోనిది పరాయి సొమ్ము. వింటికి ఈ బాధ లేదు; వెదురు, నార, ఈక అన్నీ ఇంటి ముంగిటివే.

1859లో దక్షిణ బస్తరు జమీందారీలలో అడవి కొట్టే కంట్రాక్టర్లకు ఎదురుతిరిగిన దోర్లలు, మాడియాలు ఒక్కొక్క చెట్టుకు ఒక్కొక్క తల అన్న పంతం పట్టినారని చెబుతారు. కంట్రాక్టరు మనుషుల చేతిలో తుపాకులున్నవి. గిరిజనులవి బాణాలు, గొడ్డళ్లు. అయినను చివరకు వెనుకకు తగ్గినది కంట్రాక్టే. 1910 ఫిబ్రవరిలో లేచిన భూమ్‌కాల్‌లో ఊరూరికి మామిడికొమ్మ, మిరపకాయలు, మట్టిగడ్డ, బాణం పంపి జనాన్ని కూడగట్టినారు. గుండాధూర్ మహిమవల్ల తుపాకిగుండ్లు నీరయిపోతాయన్న నమ్మకం ప్రబలినదని కథలున్నవి. ఆ నమ్మకాన్ని చూపి గిరిజనులను అమాయకులన్న వ్యాఖ్య తేలిక. మందు తడిస్తే తుపాకి నీరుగారిపోవడం అడవిలో ప్రతి వేటగాడూ చూచిన సంగతి అని ఆ వ్యాఖ్యాతలు తలచలేదు. 1910 నాటి సైన్యం వాడిన లోహపు తూటాకు మాత్రం వానభయం లేదు. అక్కడనే లెక్క తప్పినది.

బ్రిటిషు ఇండియాలో 1878 ఆయుధాల చట్టం లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకోరాదన్నది. సీసం, గంధకం, పెట్లుప్పులను సయితం తన పరిధిలోకి తెచ్చుకొనే వీలు అందులో కలదు. బస్తరు సంస్థానమే అయినను సరకు వచ్చే బజారులలో ఎక్కువవి ఆ చట్టం క్రిందివి. తుపాకిని లాగుకొననక్కరలేదు, సంచిని ఖాళీ చేస్తే చాలును.

తూర్పు కనుమలలో ఈ సంగతిని అల్లూరి సీతారామరాజు గుర్తెరిగినట్లే తోస్తుంది. 1922 ఆగస్టులో వరుసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలమీద పడి తీసుకొన్నవి 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు. తుపాకులతోపాటు తూటాలను వదలక మోసుకుపోవడం గమనింపదగినది. ఆ తూటాను అడవిలో ఎవరూ చేయలేరు. అక్టోబరులో అడ్డతీగల ఠాణాను ముట్టడించేనాటికి అక్కడి ఆయుధాలను ముందే తరలించివేసినారు.