బస్సు టికెట్టూ, బై-ఇన్నూ

2011లో కోల్సన్ వైట్‌హెడ్ అనే న్యూయార్క్ నవలాకారుడికి ఒక పత్రిక విచిత్రమైన పని అప్పజెప్పింది. లాస్ వేగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో ఆడి, దాని గురించి రాయాలి. పారితోషికం ఉండదు, దాని బదులు 10,000 డాలర్ల ఎంట్రీ ఫీజు వాళ్ళే కడతారు. అప్పటికి ఆయన ఆడిందల్లా స్నేహితుల ఇళ్ళల్లో చిల్లర పందేలే. విడాకులు కొత్త. చేతిలో ఉన్నవి కొన్ని వారాలు. అంచేత ఆయన చేసిన పనేమిటంటే, బస్టాండుకెళ్ళి అట్లాంటిక్ సిటీ బస్సెక్కడం. అక్కడి చవక టోర్నమెంట్లలో కూర్చుని ఆట నేర్చుకోవడం, మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావడం. అదంతా 2014లో 'ది నోబుల్ హజిల్' అనే పుస్తకమైంది. ఆ తర్వాత ఆయనకు రెండు పులిట్జర్లు వచ్చాయి, వేరే పుస్తకాలకు లెండి.

ఆ పుస్తకంలో నన్ను పట్టుకుంది పోకర్ కాదు, బస్సు. వంద డాలర్లో రెండొందల డాలర్లో జేబులో పెట్టుకుని, ఇంతకు మించి పోదు అని ముందే లెక్కేసుకుని, ఒక మనిషి జూదానికి బయల్దేరగలగడం. మనకిప్పుడు ఇది మామూలుగా అనిపిస్తుంది. హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ నలుగురు కుర్రాళ్ళు ఎక్సెల్ షీట్ తెరిచి రైలుకింత, హాస్టల్‌కింత, టోర్నమెంట్లకింత అని గోవా ట్రిప్ వేసుకుంటున్నారు. కానీ జూదం చరిత్రలో ఇది చాలా కొత్త సంగతి. 'పోగొట్టుకునేది ఇంతే' అని ముందే తెలియడం పాత జూదంలో లేనేలేదు.

సభాపర్వమే చూడండి. ధర్మరాజు ధనం, రాజ్యం, తమ్ముళ్ళు, తను, చివరికి ద్రౌపది. ఒక్కో పందెం ముందుదాని కంటే పెద్దది, ఆపమని చెప్పే నియమం ఆటలో ఎక్కడా లేదు. నిజానికి ఓడితే ఏం పోతుందో ముందే ఖరారైన ఆట అదే కథలో ఇంకొకటుంది, అనుద్యూతం. పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. ఒక్కటే పందెం, ఒక్కసారే. ఇవాళ్టి భాషలో అది రీ-ఎంట్రీ తీసుకున్న ఫ్రీజౌట్ టోర్నమెంట్. (నన్నయ గారు క్షమింతురు గాక.)

ఫ్రీజౌట్ అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. మామూలు క్యాష్ గేమ్‌లో చిప్స్ అంటే డబ్బే. అయిపోతే జేబులోంచి ఇంకొంచెం తీస్తావు, జేబు అయిపోతే పక్కవాడి దగ్గర తీసుకుంటావు. మన ఊళ్ళ క్లబ్బుల్లో మూడు ముక్కలాటకు పొలాలు పోయిన కథలన్నీ ఇలా మొదలైనవే. టోర్నమెంట్‌లో అలా కాదు. అందరూ ఒకే ఫీజు కట్టి లోపలికొస్తారు, అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. ఆ చిప్స్‌కి బయట విలువ లేదు. అవి అయిపోతే లేచి వెళ్ళిపోవాలి, చివరిదాకా మిగిలినవాళ్ళు పోగైన ఫీజుల్ని పంచుకుంటారు. సినిమా టికెట్‌లాగా ఓటమికి ఒక ధర కట్టారన్నమాట.

ఈ ధర కట్టినవాళ్ళు పీనాసి మనుషులు కారు. బెన్నీ బినియన్ టెక్సస్ నుంచి వచ్చిన మాజీ సారా వ్యాపారి, డల్లాస్‌లో చట్టవిరుద్ధంగా జూదాలు నడిపినవాడు. 1951లో లాస్ వేగాస్ డౌన్‌టౌన్‌లో హార్స్‌షూ క్యాసినో తెరిచాడు. పన్ను ఎగవేత కేసులో మధ్యలో కొన్నేళ్ళు జైలు కూడా చేసొచ్చాడు. అతని వ్యాపార సూత్రం చాలా మామూలుది. పెద్ద పందేలకు అడ్డు చెప్పకు, చిన్నవాడికి కడుపునిండా తిండి పెట్టు. రాత్రి పొద్దుపోయాక రెండు డాలర్లకు స్టేక్ పెట్టేవాళ్ళు. గాజు వెనక పది లక్షల డాలర్ల నోట్లు పేర్చి, దాని ముందు నిలబడితే ఉచితంగా ఫొటో తీసిచ్చేవాళ్ళు. తక్కువ డబ్బుతో వేగాస్ వెళ్ళినవాడికి ఆ ఫొటో ఒక్కటే తిరిగొచ్చిన లాభం అయుండొచ్చు.

1970లో బినియన్ తన టెక్సస్ పాతమిత్రుల్ని పిలిచి మొదటి వరల్డ్ సిరీస్ పెట్టాడు. అప్పుడు దానికి టోర్నమెంట్ రూపమే లేదు. ఏడుగురు క్యాష్ గేములు ఆడారు, ఆఖర్న ఓట్లేసి జానీ మాస్‌ని విజేత అన్నారు, ఒక వెండి కప్పు ఇచ్చారు. చూసేవాళ్ళకి ఇందులో కథేముంది? మర్నాడు పేపర్లో రాసుకోవడానికేముంది? అందుకని 1971లో పద్ధతి మార్చారు. తలా 5,000 డాలర్లు, ఒక్కడు మిగిలేదాకా ఆట. మళ్ళీ మాసే గెలిచాడు. 1972లో ఫీజు 10,000 అయింది. ఇన్ని దశాబ్దాలు గడిచినా అది ఇప్పటికీ 10,000 డాలర్లే. ధరలు పెరిగిన లెక్కన చూస్తే ఏటేటా చవకవుతూ వచ్చిన వస్తువు అది. అంటే ఓటమికి పరిమితి పెట్టింది పేదవాడి మీద దయతో కాదు, ప్రచారం కోసం. తమాషా ఏమిటంటే చరిత్ర ఆ పరిమితినే పట్టుకుని ముందుకెళ్ళింది.

డెబ్బైల్లో పదివేల డాలర్లంటే ఉద్యోగస్తుడికి దాదాపు ఒక ఏడాది జీతం. ఆ గోడకి తలుపు పెట్టినవాడు ఎరిక్ డ్రాక్, అప్పట్లో అక్కడ టోర్నమెంట్లు నడిపినవాడు. ఒక క్యాష్ గేమ్ టేబుల్ చుట్టూ పదిమంది కూర్చున్నారట, ఒక్కొక్కడి ముందు సుమారు వెయ్యి డాలర్లు. మీరు పదిమందీ ఈ వెయ్యి పెట్టి ఆడుకోండి, గెలిచినవాడు పెద్ద ఆటకెళ్తాడు అన్నాడట డ్రాక్. దానికి శాటిలైట్ అని పేరొచ్చింది. తర్వాత ఆ వెయ్యికి వందతో ఇంకో శాటిలైట్, ఇలా మెట్లు దిగుతూ వచ్చింది. 1983లో గెలిచిన టామ్ మెకెవాయ్ మిషిగన్‌లో అకౌంటెంటుగా పనిచేసినవాడు, శాటిలైట్ గుండా వచ్చి మెయిన్ ఈవెంట్ గెలిచిన మొదటి మనిషి. చివర్లో అతనికి ఎదురుగా మిగిలినవాడు కూడా శాటిలైట్ నుంచి వచ్చినవాడే. ఆ ఇద్దర్నీ చూసి టెక్సస్ పెద్దమనుషులు ఏమనుకున్నారో ఊహించుకోవచ్చు.

అదే సంవత్సరం ఆల్ఫ్రెడ్ అల్వారెజ్ పుస్తకం 'ది బిగ్గెస్ట్ గేమ్ ఇన్ టౌన్' వచ్చింది. సిల్వియా ప్లాత్ కవితల్ని తొలినాళ్ళలో అచ్చేసిన విమర్శకుడు, ఆత్మహత్య మీద పుస్తకం రాసినవాడు, వేగాస్ వెళ్ళి పేకాటగాళ్ళ గురించి రాశాడు. ఆ పుస్తకంలో డబ్బు మీద వెక్కిరింపూ లేదు, నీతిబోధా లేదు. ఆ తర్వాతి తరం రచయితలకు అదే దారి చూపించింది. 2000లో జేమ్స్ మెక్‌మానస్ అనే షికాగో కవిని హార్పర్స్ పత్రిక వేగాస్ పంపింది. పోకర్ ఆడే స్త్రీల గురించీ, బెన్నీ కొడుకు టెడ్ బినియన్ మృతి మీద నడుస్తున్న హత్య కేసు గురించీ రాయాలి. ఆయన ఆ వ్యాసం అడ్వాన్సుని తీసుకెళ్ళి శాటిలైట్‌లో పెట్టాడు. సీటు గెలిచాడు, మెయిన్ ఈవెంట్‌లో ఐదో స్థానంలో నిలిచాడు, 2,47,760 డాలర్లు తెచ్చుకున్నాడు. ఈ కథ చదివి ఎంతమంది రచయితలు అడ్వాన్సులు తగలేసుకున్నారో ఎవరూ పుస్తకం రాయలేదు. రాయరు కూడా. వైట్‌హెడ్ పుస్తకం నాకు ఇంకొంచెం దగ్గరగా అనిపించేది అందుకే. ఆయన పదివేల సీటుకి పైసా తిరిగిరాలేదు.

2003లో టెనెసీకి చెందిన క్రిస్ మనీమేకర్ (నిజంగానే ఇంటిపేరు) 86 డాలర్ల ఆన్‌లైన్ శాటిలైట్ నుంచి వచ్చి 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఇతనూ అకౌంటెంటే. ఆ ఏడు మెయిన్ ఈవెంట్‌కి వచ్చింది 839 మంది, 2006కి 8,773. మిగతాది చాలాచోట్ల రాశారు, నేను పొడిగించను. 2015లో 565 డాలర్ల ఫీజుతో 'కొలోసస్' అనే ఈవెంట్ పెడితే 22,374 ఎంట్రీలు వచ్చాయి. 'మంది' అనడం లేదు, గమనించండి. ఎంట్రీలు. ఓడినవాడు మళ్ళీ ఫీజు కట్టి మళ్ళీ కూర్చోవచ్చు.

చిన్న బడ్జెట్‌తో బయల్దేరేవాడి కథ సరిగ్గా ఇక్కడ మెలికపడుతుంది. ఫ్రీజౌట్‌లో ధర ఒక్కసారే, అయిపోతే లేచిపోవడమే. రీ-ఎంట్రీ వచ్చాక ఆ ధరకి చిల్లుపడింది. ఆదివారం మధ్యాహ్నం మూడుకే అవుటైనవాడు, రైలు రేపు రాత్రికి, హాస్టల్ గదిలో చేసే పనేం లేదు, ఎదురుగా కౌంటర్ తెరిచే ఉంది. ధర్మరాజు సమస్య ఎక్సెల్ షీట్‌లోకి తిరిగొచ్చింది.

చిన్న టోర్నమెంట్‌కి ఇంకో లోపం ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. పదివేల డాలర్ల ఈవెంట్‌లో క్యాసినో కమీషన్ నూటికి ఆరేడు. వంద డాలర్ల రోజువారీ టోర్నమెంట్‌లో అది నూటికి ఇరవై, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. టేబుల్‌కీ, డీలర్‌కీ అయ్యే ఖర్చు రెండిట్లో ఒకటే మరి. పైగా టేబుల్ త్వరగా ఖాళీ కావాలి కాబట్టి తప్పనిసరి పందేలు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి పెంచుతారు. నైపుణ్యం చూపించుకోవడానికి టైమే ఉండదు. సాధారణంగా వచ్చినవాళ్ళలో ఎనిమిదిమందికి ఒకరికి డబ్బు ముడుతుంది అనుకుందాం. సగటు ఆటగాడు ఒక ట్రిప్‌లో ఐదు టోర్నమెంట్లు ఆడితే, ఐదింట్లోనూ ఉత్తచేతులతో లేచే అవకాశం 51 శాతం. అంటే బడ్జెట్ వేసేటప్పుడు 'గెలిస్తే' అనే గడి ఉండకూడదు. ఐదు ఫీజులూ హోటల్ బిల్లులాగా ఖర్చైపోయినట్టే రాసుకోవాలి.

వైట్‌హెడ్ ఎక్కిన దారి గురించి ఒక మాట. న్యూజెర్సీ ఓటర్లు 1976లో అట్లాంటిక్ సిటీలో క్యాసినోలకు ఒప్పుకున్నారు, 1978లో మొదటిది తెరిచారు. న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి రిటైరైన ముసలివాళ్ళని బస్సుల్లో తెచ్చేవాళ్ళు. దిగగానే చేతిలో చిల్లర నాణేల రోల్ పెట్టేవాళ్ళు, స్లాట్ మెషీన్‌లో వేసుకోమని. ఛార్జీలో కొంత వెనక్కిచ్చినట్టే. చవక ప్రయాణాన్ని కనిపెట్టింది ప్రయాణికుడు కాదు, క్యాసినో.

మన వైపు కథ సికింద్రాబాద్‌లో మొదలవుతుంది. 1963లో పోలీసులు అక్కడ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద దాడి చేసి డబ్బుకి రమ్మీ ఆడుతున్నవాళ్ళని పట్టుకున్నారు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయింది. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1967లో కోర్టు అంది. మూడు ముక్కలాట మాత్రం శుద్ధ అదృష్టమంది. దేశమంతా తర్వాత నడిచిన నైపుణ్యమా అదృష్టమా వాదాలన్నిటికీ, పోకర్‌తో సహా, ఆ తీర్పే మూలవిరాట్టు. 'కన్యాశుల్కం'లో మధురవాణి ఇంట్లో పేకాడిన పోలిశెట్టి ఈ తీర్పు వింటే ఏమనేవాడో గానీ, తీర్పు పుట్టిన చోటే దానికి కాలం చెల్లింది. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలు మార్చి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించాయి. ఆన్‌లైన్ రమ్మీ అప్పులతో ఇళ్ళు కూలిపోవడం రోజూ పేపర్లో కనిపిస్తున్న కాలం అది, నిషేధం ఊరికే రాలేదు. 2025 ఆగస్టులో కేంద్రమే దేశమంతటికీ ఆ చట్టం తెచ్చింది. ఫోన్‌లో ఆడేవాళ్ళకి ఇక మిగిలింది రైలు.

గోవా 1976 నాటి జూద చట్టాన్ని తొంభైల్లో సవరించి, ముందు ఫైవ్ స్టార్ హోటళ్ళలో మెషీన్లకీ, తర్వాత నీళ్ళ మీది ఓడలకీ అనుమతిచ్చింది. అందుకే పణజిలో మాండవి నది మీద ఆ దీపాల ఓడలు. 2020 నుంచి గోవా వాసులకి వాటిలోకి ప్రవేశం లేదు, ఊరివాళ్ళు చెడిపోకూడదని. బయటివాళ్ళం మనం వెళ్ళొచ్చు. ఈ వాక్యం రాస్తుంటే కొంచెం గుచ్చుకుంది, అయినా రాశాను. చిప్స్ కొన్న మొత్తం మీద జీఎస్టీ 2023 అక్టోబర్ నుంచి 28 శాతం, 2025 సెప్టెంబర్ నుంచి 40. గెలిస్తే 30 శాతం ఆదాయపు పన్ను. అందులోంచి రైలు ఛార్జీ గానీ, అంతకుముందు ఓడిన నాలుగు ఫీజులు గానీ తీసేసుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

మా మిత్రుడొకడు పోయినేడాది ఇలాగే వెళ్ళాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, లెక్కలు బాగా వచ్చు. బయల్దేరే ముందు షీట్ నాకు పంపాడు. స్లీపర్ టికెట్ రానూ పోనూ, హాస్టల్‌లో మంచం మూడు రాత్రులు, పొద్దున పావ్ భాజీ, మూడు టోర్నమెంట్ ఫీజులు, అన్నీ ఎర్ర రంగులో, అన్నీ పోయినట్టే. 'రీ-ఎంట్రీ' అనే గడిలో సున్నా వేసి దాన్ని లాక్ కూడా చేశాడు. చూసి మెచ్చుకున్నాను. తిరిగొచ్చాక బాగా ఎండకు నల్లబడ్డాడు, చేపల కూర గురించి చాలాసేపు చెప్పాడు. షీట్ ఒకసారి చూపించరా అంటే పంపుతాలే అన్నాడు. రెండుసార్లు అడిగాను, మళ్ళీ అడగలేదు.