ఎర్రకోట మీది మాట

1957 నుంచి 1977 దాకా మంథని ఓట్లతో శాసనసభకెళ్ళిన పి.వి. నరసింహారావు, 1991 నుంచి 1995 దాకా ప్రధానిగా అయిదుసార్లు ఎర్రకోట మీంచి మాట్లాడారు. మంథని ఓట్లలో ముస్లింల ఓట్లూ ఉన్నాయి. ఆయనకు మా ఉర్దూ బాగా వచ్చు. కోటేమో షాజహాన్ కట్టించింది. ఆ గొంతు మాకు పరాయిది కాదనుకున్నాం.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదును కూల్చారు. మళ్ళీ కట్టిస్తామని ఆయన ప్రభుత్వం మాటిచ్చింది. 1993 ఆగస్టు 15 ప్రసంగంలో మేం వెతుక్కున్నది ప్రగతి లెక్కలు కాదు, ఆ మాటకో తారీఖు. ఆ తారీఖు రానేలేదు. 2019 నవంబర్ 9న సుప్రీంకోర్టు కూల్చడం చట్టవిరుద్ధమంది. స్థలాన్ని మాత్రం గుడికిచ్చింది, మసీదుకు వేరేచోట అయిదెకరాలంది.

మేమడిగేది దయ కాదు. కోట మీంచి ‘మన దేశం’ అన్నప్పుడల్లా ఆ ‘మన’లో మేమున్నామా? ఏటా జెండా కింద నిలబడే అడుగుతున్నాం.