తుపాకి ధరలో చేరని చరిత్ర

2016లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక పాత రైఫిల్‌ను వేలం వేశారు. వేలం సంస్థ రుసుముతో కలుపుకొని దాని ధర 12 లక్షల 65 వేల డాలర్లు. అది వించెస్టర్ కంపెనీవారి 1886 నమూనా. ఆ నమూనాలో వరుస సంఖ్య 1. అపాచీ నాయకుడు జెరొనిమోను వేటాడిన కెప్టెన్ హెన్రీ లాటన్‌కు బహుమానంగా ముట్టిన రైఫిల్ అది. ఇది కలవారి వేడుక అని నవ్వి ఊరుకుంటే చరిత్ర విద్యార్థులుగా మన పని మనం చేయనట్టే. ఆ ధర వెనుక ఒక లెక్క ఉన్నది. ఆ లెక్క దేనిని కలుపుకొన్నది, దేనిని తీసివేసింది అన్నదే నా ప్రశ్న.

ముందు బేరం సంగతి చూద్దాం. పాత తుపాకుల బజారులో మొదట చూసేది గురి కాదు, ఉక్కు మీది నీలిపూత. ఫ్యాక్టరీలో వేసిన ఆ పూత నూటికి ఎన్ని వంతులు నిలిచి ఉన్నదో అంచనా కడతారు. మరమేకుల తలలు చెదిరాయా, కర్రభాగాన్ని గీకి నునుపు చేశారా, గొట్టం లోపల తుప్పు పట్టిందా అని వెదుకుతారు. వెలిసిపోయిందని కొత్తగా పూత వేయిస్తే ధర పెరగదు సరిగదా, బాగా పడిపోతుంది. ఆ తరువాత కాగితాలు. వించెస్టర్ ఫ్యాక్టరీ పాత చిట్టాలు చాలా మటుకు వ్యోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణపు మ్యూజియంలో ఉన్నాయి. వరుస సంఖ్య చెప్పి రుసుము కడితే, చిట్టాలో ఉన్న మేరకు, ఆ తుపాకి ఏ హంగులతో తయారై ఏ తేదీన గిడ్డంగి దాటిందో ఉత్తరం రాసి ఇస్తారు. ఆ ఉత్తరం ఉంటే ఒక ధర, లేకుంటే మరొక ధర.

అంటే తుపాకిగా ఎంత తక్కువ పనిచేస్తే సరుకుగా అంత ఎక్కువ పలుకుతుందన్న మాట. ఉపయోగపు విలువ అటకెక్కింది. మారకపు విలువ మాత్రమే మిగిలింది. శ్రమతో తిరిగి ఉత్పత్తి చేయలేని పురాతన వస్తువుల ధర యాదృచ్ఛికమైన అనేక కారణాలమీద ఆధారపడవచ్చునని మార్క్స్ కాపిటల్ మూడవ సంపుటంలో గుర్తించాడు. కంపెనీ కూడా ఈ కిటుకు పట్టింది. 1960లలో దాచుకొనడానికే స్మారక రైఫిళ్లు తయారుచేసి అమ్మింది. 1966 నాటి శతాబ్ది రైఫిళ్లు ఒక్కటే లక్షకు పైగా చేశారు. లక్ష మంది దాచిన వస్తువు అరుదు ఎట్లా అవుతుంది? అరుదుదనాన్ని ఫ్యాక్టరీలో పోతపోయడం సాధ్యం కాలేదు.

ఇక లాటన్ రైఫిల్ దగ్గరకు వద్దాం. దాని ధరను పెంచింది పూత ఒక్కటే కాదు, జెరొనిమో పేరు. కాని అది వేట ముగిసిన గుర్తుగా మిత్రుడిచ్చిన కానుక. ఆ వేటలో పేలినది కాదు. 1886లో సుమారు 5,000 మంది సైనికులను దించారు. జెరొనిమో వెంట అప్పటికి మిగిలినవారు స్త్రీలు, పిల్లలతో కలిపి నలభై మందికి లోపే. అయినా సైన్యం వారిని పట్టుకోలేకపోయింది. లెఫ్టినెంట్ గేట్‌వుడ్, ఆయన వెంట మార్టీన్, కాయిటా అనే ఇద్దరు అపాచీలు వెళ్ళి మాట్లాడిన మీదటనే జెరొనిమో లొంగిపోయాడు. సైన్యానికి ఇంత మేలు చేసిన ఆ ఇద్దరినీ తక్కిన వారితోపాటే ఖైదీలుగా ఫ్లోరిడాకు పంపారు. బహుమాన రైఫిల్ లాటన్‌కు దక్కింది.

జెరొనిమో కూడా ఒక బజారులో నిలబడవలసి వచ్చింది. 1904లో సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శనకు ఆయనను యుద్ధఖైదీగానే తీసుకుపోయారు. అక్కడ తన ఫోటోలు 25 సెంట్లకు అమ్మాననీ, అందులో 10 సెంట్లు తనకు ఉంచుకోనిచ్చారనీ ఆయనే తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. 1909లో ఖైదీగానే కన్ను మూశాడు. ఆయన జాతివారి చెర 1913 దాకా తీరలేదు. ఆ మనిషి బొమ్మకు నాడు 25 సెంట్లు. ఆ మనిషిని వేటాడినందుకు ఇచ్చిన తుపాకికి నేడు లక్షల డాలర్లు!

లాటన్ కథ అరిజోనాలో ముగియలేదు. అదే సైన్యం సముద్రం దాటి ఫిలిప్పీన్స్‌ను ఆక్రమించింది. 1899 డిసెంబరు 19న సాన్ మాతేయో దగ్గర లాటన్ తూటా తగిలి మరణించాడు. ఎదుటి ఫిలిప్పినో దళాల సేనాని పేరు లిసెరియో జెరొనిమో. పేర్లు కలవడం కాకతాళీయమే. ఒకే సామ్రాజ్యవాదం రెండు జాతులమీద పడటం కాకతాళీయం కాదు. మనీలాలో లాటన్ పేరుతో వెలసిన కూడలికి ఫిలిప్పినో ప్రజలు తరువాత తమ విప్లవకారుడు బోనిఫాసియో పేరు పెట్టుకొన్నారు.

పాత వస్తువులను దాచేవారే లేకుంటే చరిత్రకు ఆధారాలు మిగలవు గదా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే. కోడీలోని చిట్టాలు చరిత్రకారునికి నిధి. దాచడం మీద నాకు పేచీ లేదు. దాచిన దానిని ఎట్లా చదువుతున్నామన్నదే పేచీ. కొన్నవాడికి వచ్చే ఉత్తరంలో తుపాకి గిడ్డంగి దాటిన తేదీ ఉంటుంది గాని, న్యూ హేవెన్‌లో దానికి సానపట్టిన కార్మికుని ఊసు ఉండదు. 2006లో ఆ ఫ్యాక్టరీయే మూతపడింది. పనివారు వీధిన పడ్డారు. పాత రైఫిళ్ల వేలాలు మాత్రం ఆగలేదు.

అంచేత ఇటువంటి ధర పత్రికల్లో కనిపించినప్పుడు ఉపాధ్యాయులు దానిని తరగతికి తీసుకుపోవాలని నా కోరిక. దీనిని ఎవరు చేశారు, ఎవరిమీదికి ఎత్తారు, ఎవరి పేరున అమ్ముతున్నారు అని పిల్లలచేత అడిగించాలి. మార్టీన్, కాయిటాల పేర్లు ఆ జవాబుల్లోనే బయటికి వస్తాయి.