ఇసుక నుంచి పలక దాకా: పశ్చిమ ప్రకాశంలో శిశువిద్య

శిశువు తన చేతితో, తన వేగంతో నేర్చుకోవాలన్న భావనకు 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి స్థాపించిన బాలల గృహం ప్రసిద్ధి తెచ్చింది. 1939లో ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. అయితే వేలితో అక్షరం దిద్దే పద్ధతి తెలుగువారికి కొత్తది కాదు. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల వలెనే దత్తమండలాల్లో భాగమైన బళ్లారి జిల్లాలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు నేర్చేవారని 1823 నాటి కలెక్టరు క్యాంప్‌బెల్ నివేదిక తెలుపుతుంది.

మాంటిస్సోరి రూపొందించిన గరుకు కాగితపు అక్షరాలకు, ఈ ఇసుక అక్షరాలకు సామ్యం స్పష్టమే. అంతమాత్రాన రెండూ ఒకటి కావు. వీధిబడిలో చేయి పిల్లవాడిది, నిర్ణయం పంతులుది. పైగా ఆ జిల్లాలోని 533 బడుల్లో చదివిన 6,641 మందిలో బాలికలు 60 మందే. మాంటిస్సోరి మార్చినది ఈ నిర్ణయాధికారాన్ని.

ఇసుక తరువాత వచ్చిన మార్కాపురం పలక ఆ స్వేచ్ఛకు కొంత చోటిచ్చింది. తప్పును పిల్లవాడే చెరిపి, తానే మళ్లీ రాసుకోగలడు. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ పలక వాడుక తగ్గింది. నేడు ఇక్కడి రాయి అలంకారశిలగా విదేశాలకు ఎగుమతి అవుతోంది.

2020 జాతీయ విద్యావిధానం పునాది దశలో ఆట, అన్వేషణలకు ప్రాధాన్యమిచ్చింది. పశ్చిమ ప్రకాశం అంగన్‌వాడీలకు ఇసుక, పలక దూరం నుంచి రానక్కరలేదు. రావలసినది, వాటితో ఏం చేయాలో ఎంచుకునే అవకాశం పిల్లలకు.