అతను 1, ఆమె 0.8

బరువు తగ్గాలని డాక్టరు చెప్పాక కిందటేడు నా చేతికొక డైట్ చార్టు వచ్చింది. శారీరక శ్రమ అన్న గడిలో 'సెడెంటరీ' అని రాసి ఉంది. కూర్చుని చేసే పని అన్నమాట. పొద్దున అయిదింటికి లేచింది మొదలు కాలేజీకి బయల్దేరేదాకా నేనేం చేస్తానని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క మాట మూలం వెతుక్కుంటూ పోతే చివరికొక చిన్న దశాంశం దగ్గర ఆగిపోయాను.

కుటుంబానికి తిండి సరిపోతోందా అని లెక్కగట్టడానికి పోషకాహార శాస్త్రంలో 'కన్సంప్షన్ యూనిట్' అని ఒక కొలత ఉంది. కూర్చుని పనిచేసే మగవాడికి కావలసిన శక్తి 1. అలాంటి పనే చేసే స్త్రీకి 0.8. బరువు పనులు చేసే మగవాడు 1.6, స్త్రీ 1.2. మనలో చాలామంది హోంసైన్సు పుస్తకాల్లో ఈ పట్టికను బట్టీపట్టినవాళ్లమే. ఉద్యోగాలవారీగా శ్రమను విభజించిన జాబితా కూడా పక్కనే ఉండేది. అందులో 'గృహిణి' కూర్చుని పనిచేసేవాళ్ల వరసలో ఉండేది. ఇంకొకరింట్లో అవే అంట్లు తోమే పనిమనిషి మాత్రం మధ్యరకం శ్రమ వరసలో ఉండేది. కూలి ముట్టినప్పుడే అది శ్రమ అన్నమాట!

ఈ కొలత మన దేశంలో పుట్టింది కాదు. కుటుంబాల ఖర్చులను పోల్చడానికి జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1895లో ఒక యూనిట్‌ను ప్రతిపాదించాడు. అప్పుడే పుట్టిన బిడ్డ 1, ఎదిగిన స్త్రీ 3, పురుషుడు 3.5. దానికి బెల్జియం శాస్త్రజ్ఞుడు కెట్లే పేరు మీద 'కెట్' అని పేరు పెట్టాడు. మన బరువును ఇప్పటికీ కొలుస్తున్న బి.ఎం.ఐ. కూడా ఆ కెట్లే సూత్రమే. 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఆ పేరు స్థిరపరిచాడు. అందుకు ఆయన పరీక్షించింది అయిదు దేశాలకు చెందిన ఏడు వేల పైచిలుకు మగవాళ్లను. వాళ్లలో ఒక్క స్త్రీ కూడా లేదు.

మన దగ్గర ఈ శాస్త్రానికి పునాది 1918లో కూనూరులో పడింది. బెరిబెరి వ్యాధి మీద పరిశోధనకని రాబర్ట్ మెకారిసన్ ఒక్క గదిలో మొదలుపెట్టిన ప్రయోగశాల 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో మనం రోజూ దాటిపోయే ఆవరణే అది. మన పప్పుల్లో, ఆకుకూరల్లో ఏముందో కొలిచి చెప్పిన ఆ సంస్థకు మనం రుణపడి ఉన్నాం. నమ్మదగిన సలహా కావాలంటే నేను ఇవాళ్టికీ దాని పుస్తకాలనే తెరుస్తాను.

0.8 అబద్ధం కూడా కాదు. సగటున స్త్రీ శరీరం చిన్నది. 2020 సిఫారసుల్లో కూర్చుని పనిచేసే పురుషుడికి 2,110 కిలోకేలరీలు, స్త్రీకి 1,660. మళ్లీ దాదాపు అదే నిష్పత్తి. చిక్కు మరోచోట ఉంది. యూనిట్లన్నీ కూడి ఇంటికి సరిపడా బియ్యం ఉన్నాయని తేలితే సర్వే ముగిసిపోతుంది. వంటింట్లో ఎవరు ముందు తిన్నారో, ఎవరు గిన్నె అడుగు ఊడ్చుకున్నారో కూడికలో కనపడదు. శ్రమ సంగతీ అంతే. కర్ణాటక గ్రామాల్లో మనుషులు చేసే పనిలో సగానికి పైగా స్త్రీలదేనని 1982లో శ్రీలతా బాట్లీవాలా లెక్కగట్టి చూపించేదాకా ఆ పని ఎవరి పద్దులోనూ పడలేదు.

అదే 2020 పట్టికలో ఇంకో వరస ఉంది. ఇనుము పురుషుడికి 19 మిల్లీగ్రాములు, స్త్రీకి 29. కేలరీల్లో 0.8 అయిన మనిషి ఇనుములో 1.5 అయింది! అంటే ఆమెకు తిండి కాస్త తక్కువైనా చాలు గాని, ఆ తక్కువలోనే సారం ఎక్కువ ఉండాలి. మన ఇళ్లల్లో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. పప్పు, కూర, గుడ్డు ముందు తినేవాళ్లతోనే అయిపోతాయి. చివరికి మిగిలేది అన్నం, పచ్చడి, మజ్జిగ. "పారబొయ్యటం ఎందుకే" అంటూ మా అమ్మ తినే రెండో వాయి కూడా అదే. ఆమె ఒళ్లు చేసింది, రక్తం మాత్రం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం అధిక బరువుతో ఉన్నారు, 57 శాతం రక్తహీనతతో ఉన్నారు. ఈ రెండు అంకెలూ ఒకే ఒంట్లో ఎలా ఇముడుతాయో తెలుసుకోవడానికి నాకు మా అమ్మ కంచం చాలు.

అటువంటి స్త్రీకి "తిండి తగ్గించమ్మా" అని చెబితే ఆమె ముందుగా మానేసేది ఏమిటి? పొద్దుటి టిఫిను, గ్లాసు పాలు. మిగిలిపోయిన అన్నం మాత్రం మానదు, అది పారబొయ్యకూడదు కదా. జాతీయ పోషకాహార సంస్థ 2024లో సవరించిన మార్గదర్శకాలు రోజూ తినే శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించవద్దంటున్నాయి. అంటే ముందు తగ్గించాల్సింది అన్నం. దాని స్థానంలో పప్పులు, కూరలు, పాలు, గుడ్లు రావాలి. అవి ఆమె కంచంలోకి రావాలంటే వడ్డించే వరస మారాలి. ఆ మాట ఏ డైట్ చార్టూ చెప్పదు.

నా చార్టు ఇంకా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. 'సెడెంటరీ' కొట్టేసి, పక్కన నా పనులన్నీ పెన్సిలుతో రాసుకున్నాను. గడి చాల్లేదు. ఇప్పుడు రాత్రిపూట అందరం ఒకేసారి కూర్చుంటున్నాం. మొదటి రోజు పప్పుగిన్నె తన వైపు జరిపితే అమ్మ తినకుండా కాసేపు దానివంకే చూస్తూ ఉండిపోయింది.